పోతే జూన్‌లోనే పోవాలి

కోనసీమ పెద్దలందరికీ ఒక మనవి. మీ తదనంతరం మీ పేరు మీద మీ పిల్లలు బీద విద్యార్థులకు స్కాలర్‌షిప్పులు ఇవ్వాలన్న కోరిక మీకుంటే, దయచేసి మే నెలాఖరుకీ జూన్ 12కీ మధ్యన కాలం చెయ్యండి. రాష్ట్రంలో బడులు తెరిచేది జూన్ 12న. బూట్లు, బస్సు పాసు, కాలేజీలో చేరేవాళ్లకి అడ్మిషన్ ఫీజు, హాస్టల్‌కి కట్టాల్సిన అడ్వాన్సు, అన్నీ కాస్త అటూ ఇటూగా అప్పుడే నెత్తిన పడతాయి. మీరు కార్తీక మాసంలో పోయారనుకోండి. పుణ్యకాలమే, కాదనను. శివసాయుజ్యం మీకు ఖాయం. కానీ మీ వర్ధంతి నవంబరులో వస్తుంది. అప్పటికి ఆ స్కాలర్‌షిప్పు అందాల్సిన కుర్రాడు ఫీజు కట్టలేక కాలేజీ మానేసి రావులపాలెం అరటిపళ్ల మార్కెట్లో గెలలు మోస్తుంటాడు. వర్ధంతి సభలో స్టేజీ మీద అతని పేరు మూడుసార్లు పిలుస్తారు. పలికేవాడుండడు. స్కాలర్‌షిప్పు కవరు మీద పేరు కొట్టేసి ఇంకొకరి పేరు రాస్తారు. మీ ఆత్మకి శాంతి, స్మారక కమిటీకి లెక్క సరి.

గోదారోళ్లకి వెటకారం ఎక్కువంటారు గానీ, ఇది వెటకారం కాదు, క్యాలెండరు. చదువుకి ఒక క్యాలెండరు ఉంది. జూన్‌లో చేరికలు. జులై, ఆగస్టుల్లో గోదావరి. లంక గ్రామాల వాళ్లకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. కనకాయలంక కాజ్‌వే మునిగిందంటే బడికి పడవే దారి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు లంకల్లో ఇళ్లకి ఇళ్లే నీళ్లలో నిలబడ్డాయి. ఇంట్లోకి ఏరొస్తే ముందు బియ్యం అటకెక్కుతాయి, తరవాత టీవీ ఎక్కుతుంది, పుస్తకాల సంచి వంతు వచ్చేసరికి అటక మీద చోటుండదు. చలికాలం వచ్చేసరికి పరీక్ష ఫీజులు. పిల్ల చదువు ఆగిపోయేదీ, నిలబడేదీ ఈ మూడు వేళల్లోనే.

పోయినవాళ్ల క్యాలెండరు వేరు. దానికి తిథి ఉంటుంది, తేదీ ఉంటుంది, జయంతి ఉంటుంది, వర్ధంతి ఉంటుంది. ఈ రెండు క్యాలెండర్లూ కలిసిన చోట స్కాలర్‌షిప్పు పనికొస్తుంది. కలవని చోట సభ జరుగుతుంది.

ఏ కమిటీ కార్యదర్శినైనా కదిపి చూడండి. ఫీజులు కట్టే వేళకి ఇచ్చెయ్యొచ్చు కదండీ అని అడగండి.

“అదెలాగండీ బాబూ! నాన్నగారి వర్ధంతి మార్గశిరంలో కదండీ. పైగా అబ్బాయిగారు డల్లాస్ నించి పండక్కి వస్తన్నారు. ఆయన చేతుల మీదుగా జరిగితేనే కదండీ నిండుదనం! పెద్ద పండక్కి పెట్టుకుందావండి. ఆయ్.”

అలా స్కాలర్‌షిప్పు సంక్రాంతికి వచ్చి చేరింది. ఆ మూడు రోజుల్లో దానికి ఖాళీ దొరకడం మాత్రం తేలికా? కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. ఏకాదశ రుద్రులు కొలువు తీరుతుంటే షామియానా కింద ఎవరు కూర్చుంటారు? మిగిలిన వేళంతా జనం కోడిపందేల బరుల దగ్గర. అంచేత భోగి మంట చల్లారాక, బరి వేడెక్కే లోపల, ఆ మధ్యన దొరికిన కాస్త వ్యవధిలో మనం పేదల చదువు ఉద్ధరించేస్తాం.

బరి మాట ఎలాగూ వచ్చింది కాబట్టి ఒక్క నిమిషం అక్కడే ఆగుదాం. పందెం కోడిని పెంచేవాణ్ని చూడండి. పండగకి నెలల ముందు నించే జీడిపప్పు, బాదంపప్పు, ఉడకబెట్టిన గుడ్లు పెడతాడు. ఈత కొట్టిస్తాడు, వొళ్లు పడతాడు, జలుబు చేస్తే రాత్రంతా మేలుకుంటాడు. దాని తల్లిదండ్రుల ఆదాయ ధ్రువపత్రం అడగడు. ‘ముందు గెలిచి రా, గెలిచాక బాదంపప్పు పెడతాను’ అని ఏ వెర్రివాడూ కోడితో అనడు. పిల్లల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మన పద్ధతి అచ్చంగా అదే. ముందు పదో తరగతిలో 580 మార్కులు తెచ్చుకో, ఆ తరవాత వెయ్యినూటపదహార్లు ఇస్తాం, వాటితో పుస్తకాలు కొనుక్కో! పుస్తకాలు లేకుండా 580 తెచ్చుకున్నవాడికి ఇంక పుస్తకాలెందుకో, పుస్తకాలు లేకే 340 దగ్గర ఆగిపోయినవాడికి ఎందుకు అక్కర్లేదో ఎవరూ చెప్పరు. విద్యావిధానం మీద కోనసీమకి మంచి అవగాహనే ఉంది. అది కోళ్ల వరకే అమల్లో ఉంది.

ఇక ఆ వెయ్యినూటపదహార్ల సంగతి. పదహార్లు మన మర్యాద. పెళ్లి చదివింపులకి, పురోహితుడి సంభావనకి, కళాకారుడి సత్కారానికి పదహారు తగిలిస్తేనే అందం. అయితే ఫీజు కట్టించుకునే కౌంటర్లో కూర్చున్నవాడికి పదహారు మీద ఏ భక్తీ లేదు. వాడు అడిగే అంకె చివర ఉండేవి సున్నాలే. ఊహకి ఒక లెక్క వేద్దాం. పదిమంది పిల్లలకి తలా 1,116 చొప్పున మొత్తం 11,160 రూపాయలు. ఇప్పుడు మీ ఊళ్లో షామియానా అద్దెకిచ్చేవాణ్ని, మైకు సెట్టువాణ్ని, ఫ్లెక్సీలు కొట్టేవాణ్ని, శాలువాలు అమ్మేవాణ్ని, మెమెంటోల దుకాణం వాణ్ని వరసగా రేట్లు అడిగి రండి. అతిథుల భోజనంలో పనసపొట్టు కూర, వెళ్లేటప్పుడు చేతికిచ్చే ఆత్రేయపురం పూతరేకుల పెట్టె మరిచిపోకండి. కూడిక మీరే వేసి, పక్కన ఆ 11,160 పెట్టి చూసుకోండి. పేద విద్యార్థుల పేరు మీద నికరంగా లబ్ధి పొందుతున్నది షామియానా, మైకు, శాలువా వర్తకులే. వాళ్లలోనూ లేనివాళ్లున్నారు, వాళ్ల పిల్లలూ చదువుకుంటున్నారు. ఆ దారిన పోతే స్మారక సభ కూడా కొంత విద్యాసేవ చేస్తోందని ఒప్పుకోక తప్పదు.

సభ వైభవం గురించి నాలుగు ముక్కలు. గేటు దగ్గర ఫ్లెక్సీ. మధ్యన దండతో స్వర్గస్థులు. కుడి ఎడమల కొడుకులు, కోడళ్లు, అల్లుళ్లు, మనవలు, విదేశాల్లో ఉన్న మునిమనవడు. పైన వరసలో ప్రజాప్రతినిధులు, వాళ్ల పార్టీ మారితే ఫ్లెక్సీ మారుతుంది. కింద ఎర్రక్షరాల్లో ‘నిరుపేద ప్రతిభావంత విద్యార్థినీ విద్యార్థులకు ఉపకార వేతనాల ప్రదానోత్సవం’. ఆ విద్యార్థి పేరు ఎక్కడుంది? ఎక్కడా లేదు. పెళ్లికొడుకు పేరు లేకుండా శుభలేఖ అచ్చువేయించినా మనవాళ్లు ఊరుకోరు గానీ, ఈ విషయంలో ఎవరికీ పట్టింపు లేదు. అసలు లబ్ధిదారుడెవరో ఫ్లెక్సీయే చెబుతోంది కదా అనుకోవాలి.

పిల్లల్ని తొమ్మిదింటికల్లా రమ్మంటారు. ముఖ్య అతిథి పన్నెండున్నరకి వస్తారు. జ్యోతి వెలిగించడం, పటానికి దండ, వేదిక మీది పద్నాలుగు మందికీ పరిచయాలు, పద్నాలుగు శాలువాలు. జనవరి చలి వేదిక మీదున్నవాళ్లకే వేస్తుంది కాబట్టి శాలువాలు అటే వెళ్తాయి. ఒక్కొక్కరూ ‘సమయాభావం వల్ల రెండే రెండు మాటలు’ అని మొదలుపెట్టి, తాము ఎంత కష్టపడి చదువుకున్నదీ ముప్పావుగంట చెబుతారు. వీధి దీపం కింద చదువుకోనివాడు మన జిల్లాలో పెద్దవాడైన దాఖలా లేదు. ఆ రోజుల్లో కరెంటు స్తంభాలు అన్ని ఎక్కడివో విద్యుత్ శాఖే చెప్పాలి. ఆకలికి కళ్లు తిరుగుతున్న పిల్లలు చప్పట్లు కొడతారు. మాస్టారు వెనక నించి కొట్టమంటే కొడతారు, ఆపమంటే ఆపుతారు.

చిట్టచివరకి అసలు ఘట్టం. తలుపంత చెక్కు వస్తుంది. ఏ బ్యాంకులోనూ చెల్లని చెక్కు. నలుగురు పెద్దలు నాలుగు మూలలా పట్టుకుంటే దాని వెనక పిల్ల కనపడదు. ఫొటోగ్రాఫరు ‘పాపా, కొంచెం పైకి లేమ్మా, నవ్వమ్మా’ అంటాడు. పాప మునివేళ్ల మీద లేస్తుంది. ఇంతలో మైకు పట్టుకున్నాయన తన పాండిత్యం చూపిస్తాడు. “ఈ చిన్నారికి తండ్రి లేడండీ! తల్లి వలుపు పనికి వెళ్తోందండీ! తినడానికి తిండి లేని కుటుంబం నించి వచ్చి…” కొబ్బరికాయలు వలిచి తన చేత్తో కూతుర్ని పెంచుకుంటున్న ఆ తల్లి ముందు వరసలోనే కూర్చుని ఉంటుంది. ఆవిడ తన ఇంట్లో తిండి లేదని ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు. క్లాసులో పక్క బెంచీ పిల్లలకి కూడా తెలియకుండా ఆ పిల్ల ఇన్నాళ్లూ దాచుకున్న సంగతి అంతా, ఊరు ఊరంతా వినేలా, లౌడ్‌స్పీకర్లో చెప్పినందుకు వచ్చిన ప్రతిఫలం 1,116. రేటు గిట్టుబాటు అనిపిస్తే, ఇదే సభలో వేదిక మీది పెద్దల అప్పులూ ఆస్తి తగాదాలూ కూడా మైకులో చదివించి, తలా ఒక కవరు ఇప్పించాలని నా సూచన.

ఆ కవరు కూడా ఊరికే రాదు. దరఖాస్తుతో పాటు రేషన్ కార్డు జిరాక్సు, కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, స్టడీ సర్టిఫికెట్టు, మార్కుల జాబితా, హెడ్మాస్టరు గారి చేత ‘సత్ప్రవర్తన కలవాడు’ అన్న సంతకం. ఆదాయ పత్రం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగితే తల్లికి ఒక రోజు కూలి పోతుంది, తండ్రి దింపు కార్మికుడైతే ఆ రోజు చెట్టెక్కడు. కుటుంబం పేదదని రుజువు చేసుకునే ప్రయత్నంలో కుటుంబం ఇంకాస్త పేదదవుతుంది. అర్హత అలా పెరుగుతుంది.

అన్నీ తెచ్చాక ‘ప్రతిభ’ అడ్డమొస్తుంది. నిరుపేద అయితే చాలదు, ప్రతిభావంతుడూ అయ్యుండాలి. 590 మార్కులు వచ్చిన పిల్ల ఇంటికి ఫలితాలు వచ్చిన సాయంత్రానికే కార్పొరేట్ కాలేజీ పీఆర్వో స్వీటు డబ్బాతో దిగుతాడు, ఫీజు తగ్గిస్తామంటాడు, మాఫీ చేస్తామంటాడు. ఆ పిల్లనే అమలాపురంలో ఒక స్మారక సమితి, రాజోలులో ఒకటి, కొత్తపేటలో మరొకటి, కులసంఘం ఒకటి, పూర్వ విద్యార్థులొకరు పిలిచి పిలిచి సత్కరిస్తారు. చదువుకోవడానికి ఆ పిల్లకి తీరిక దొరకదు. 340 మార్కుల పిల్లకి ఏ పీఆర్వో రాడు, ఏ సమితీ పిలవదు. ఆ వేసవిలోనే సంబంధం మాత్రం వస్తుంది. ఊరి పరువు 590 మీద నిలబడుతుంది కాబట్టి 340కి డబ్బు ఇవ్వడం వృథా ఖర్చని కమిటీ భావన. నిజానికి డబ్బు వల్ల తేడా పడేది ఆ 340 దగ్గరే.

మన సీమకి ఇవ్వడం చేతకాదని ఎవరైనా అంటే నేనే ఒప్పుకోను. ‘వారాలు’ చేసుకుని చదువుకున్న తరాలు ఇక్కడివి. సోమవారం ఒకరింట, మంగళవారం ఇంకొకరింట భోంచేసి వేదమో, ఇంగ్లీషో నేర్చుకున్న కుర్రాళ్లెందరో. ఆ పద్ధతిలో పెద్ద లోపం ఉంది. కులం చూసి విస్తరి వేసేవారు. దళితవాడ కుర్రాడికి వారంలో ఏడు రోజులూ ఏ గడపా లేదు. ఆ పాపాన్ని దాచుకోకుండానే, ఆ పద్ధతిలో ఉన్న ఒక తెలివిని మాత్రం ఒప్పుకోవాలి. చదివినన్నాళ్లూ పెట్టేవారు, ఆకలేసిన వేళకి పెట్టేవారు. మంగళవారం ఆకలికి సంక్రాంతినాడు పిలవలేదు.

డొక్కా సీతమ్మ గారు లంకల గన్నవరంలో ఆ విస్తరిని ఇంకా విశాలం చేశారు. 1841లో పుట్టి 1909లో కన్నుమూసిన ఆవిడ గురించి కోనసీమలో చెప్పుకునే ముచ్చట ఒకటుంది. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేక వేడుకల సందర్భంగా ఆవిడ ఫొటో కావాలని పైనుంచి ఆజ్ఞ వచ్చిందట. ఆవిడ ఒప్పుకోలేదట. ఫొటో పంపకపోతే తన ఉద్యోగానికి ముప్పని కలెక్టరు ప్రాధేయపడితే, ఆయన కోసం కూర్చున్నారట. అంటే, మన జిల్లాలో దాతృత్వానికి సంబంధించి ప్రసిద్ధికెక్కిన ఆ ఫొటో, దాత వద్దంటే బతిమాలి తీసింది. ఇవాళ ఆవిడ పేరు పి.గన్నవరం అక్విడక్టు మీద ఉంది, బడుల్లో మధ్యాహ్న భోజన పథకం మీద ఉంది. ఆ పేరు ఆవిడ పెట్టుకున్నది కాదు. పెట్టిన అన్నం వెనకాల వందేళ్లకి నడిచి వచ్చింది.

కాకినాడ వెళ్తే ఇంకో పాఠం. పిఠాపురం రాజా కళాశాలకి ప్రిన్సిపాలుగా చేసిన రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు జీతంలో చాలా భాగం బీద విద్యార్థులకే ఖర్చుపెట్టేవారని చెబుతారు. ఆయన మాట మీద పిఠాపురం మహారాజా అనాథలకి ఆశ్రయం, దళిత విద్యార్థులకి హాస్టలు నడిపించారు. హాస్టలు అంటే ఏడాది పొడుగునా కూడు, గూడు. ఒక పూట సభ కాదు.

అన్నిటికన్నా పెద్ద పాఠం మన జిల్లా పేరులోనే ఉంది. ఈ జిల్లా పేరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా. ఆ పేరు పెట్టవద్దంటూ 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టిన చరిత్ర కూడా మనదే. సరే, ఆ పేరు ఉన్నాయన ఎవరు? ప్రపంచంలోకెల్లా పేరుపడ్డ స్కాలర్‌షిప్పు విద్యార్థుల్లో ఒకరు. బరోడా మహారాజా సయాజీరావు గైక్వాడ్ 1913 జూన్‌లో ఒప్పందం రాయించుకుని, నెలకి పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్లపాటు ఇచ్చి, ఆ యువకుణ్ని కొలంబియా విశ్వవిద్యాలయానికి పంపారు. కొన్ని సంగతులు గమనించండి. ఇచ్చినాయన బతికుండగానే ఇచ్చారు. జూన్‌లో ఇచ్చారు. మూడేళ్ల చదువుకి మూడేళ్లూ ఇచ్చారు. ఆ అంకెకి పదహారు తగల్లేదు. ఊరికే ఇచ్చారా అంటే అదీ కాదు, తిరిగొచ్చి పదేళ్లు బరోడా కొలువులో పనిచెయ్యాలన్నది షరతు. ఆ చదువంతా చదివి 1917లో కొలువుకి వెళ్తే, ఆ ఊళ్లో ఒక గదిలో కుదురుగా ఉండనివ్వలేదు కులం. స్కాలర్‌షిప్పు ఒక్కటే అన్నీ మార్చేస్తుందని ఎవరూ అనుకోనక్కర్లేదు. కానీ అది సరిపడా అందబట్టే ఆయన అక్కడిదాకా వెళ్లగలిగారు.

అదే పని మన స్మారక సమితి చేతిలో పడి ఉంటే? ‘అంటరాని కులంలో పుట్టిన ఈ నిరుపేద యువకుడు’ అని మైకులో చెప్పి, పటం ముందు నిలబెట్టి, 1,116 కవరులో పెట్టి, ఫొటో దిగి, కొలంబియాకి ఓడ టిక్కెట్టు విషయం కమిటీ పరిధిలోకి రాదని చెప్పి పంపేవాళ్లం. వచ్చే ఏడాది మళ్లీ ఫస్టు క్లాసులో పాసైతే దరఖాస్తు పెట్టుకోవచ్చని అభయం కూడా ఇచ్చేవాళ్లం.

ఆ అంబేద్కర్ వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో సభ్యుడిగా ఉన్న రోజుల్లోనే, 1944లో, షెడ్యూల్డు కులాల విద్యార్థులకి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులు మొదలయ్యాయి. ఇవాళ్టికీ నడుస్తున్నాయి. ఎవరి వర్ధంతికీ ముడిపెట్టలేదు. అలాగని సర్కారు వారిని పొగుడుతున్నానని అనుకోవద్దు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు పడితే సర్టిఫికెట్లు ఇవ్వకుండా కాలేజీలు పిల్లల్ని నిలబెట్టిన సంగతి ప్రతి ఊరికీ తెలుసు. పైగా మన సర్కార్లలో బతికున్నవాళ్లు కూడా పథకాలకి తమ పేర్లు పెట్టుకుని ముందస్తు స్మారకాలు కట్టించుకుంటారు. అయినా ఒక్క విషయంలో వాళ్లు మన కమిటీల కన్నా ముందే తెలివి తెచ్చుకున్నారు. 2020లో, 2021లో బడి పిల్లల తల్లులకిచ్చే ‘అమ్మ ఒడి’ డబ్బు జనవరిలో, సరిగ్గా సంక్రాంతి ముందు పడింది. 2022లో అది జూన్‌కి మారింది. ప్రభుత్వం మారి, పేరు ‘తల్లికి వందనం’ అయ్యాక 2025లోనూ జూన్‌లోనే పడింది. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోని రెండు పార్టీలు కూడా జూన్ దగ్గర ఏకాభిప్రాయానికి వచ్చాయి. మన వర్ధంతి కమిటీలు మాత్రం ఇంకా పంచాంగం చూసుకుంటున్నాయి.

ఇక్కడికి వచ్చేసరికి ఒక గొంతు లేస్తుంది. నాకు బాగా తెలిసిన గొంతే. “ఏదో చేతనైనంత చేస్తన్నాం కదండీ. ఏమీ ఇవ్వనోళ్ల కన్నా నయవే కదా. రాసేవాళ్లు రాత్తారు గానీ, ఒక్క రూపాయి ఇచ్చేరా?” న్యాయమైన ప్రశ్నే. తండ్రి మీద ప్రేమతో పదిమందికి సాయం చెయ్యాలనుకునే మనిషిని ఆడిపోసుకోవడం నా పని కాదు. తండ్రి పేరు పదిమంది నోట వినాలనుకోవడమూ తప్పు కాదు. నేను అడుగుతున్నది ఇంకో రూపాయి కాదు. అదే రూపాయి చోటు మార్చమంటున్నాను. షామియానాలోంచి ఫీజు రసీదులోకి, జనవరిలోంచి జూన్‌లోకి, మార్కుల జాబితాలోంచి ఇంటి అవసరంలోకి. ఇదంతా అసాధ్యమని అనిపిస్తే, పిల్లలకి పెట్టిన నిబంధనలే స్వర్గస్థులకీ పెడదాం. న్యాయం ఇద్దరికీ ఒకటే ఉండాలి కదా.

స్మారకం కోరుకునే పెద్దలు ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలి. జతపరచాల్సినవి: తోటలో దింపు, వలుపు కూలీలకి ఏ వారం కూలి ఆ వారమే ఇచ్చారని కూలీల సంతకాలతో ధ్రువపత్రం. వరదకి కౌలు చేను మునిగిన ఏడాది కౌలు తగ్గించారని కౌలుదారు ఇచ్చిన కాగితం. దళితవాడ పిల్ల మంచినీళ్లకి వస్తే గేటు తీశారని ఇద్దరు సాక్షులు. పనిమనిషి కూతుర్ని పనికి కాకుండా బడికి పంపమన్నారని బడి రిజిస్టరు నకలు. సత్ప్రవర్తన సర్టిఫికెట్టు కోడళ్ల దగ్గర తీసుకోవాలి. ఆ తరవాత ప్రతిభ. దాతృత్వంలో నూటికి తొంభై దాటినవారికే దండ, ఫ్లెక్సీ. ఎంపికైనవారి విశేషాలు మైకులో చదువుతారు: “ఈయన అప్పిచ్చి అరెకరం రాయించుకున్నారండీ! గట్టు తగాదాలో తమ్ముడితో పాతికేళ్లు మాట్లాడలేదండీ!” కుటుంబ సభ్యులు ముందు వరసలో కూర్చుని చిరునవ్వుతో వినాలి, ఫొటోలకి సహకరించాలి. ఎంపిక కానివారు వచ్చే వర్ధంతికి మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు.

ఈ నిబంధనలు చదవగానే కోపం వచ్చినవారు, ఆ కోపాన్ని జాగ్రత్తగా దాచుకోండి. వలుపు పని చేసే తల్లికి ముందు వరసలో కూర్చున్నప్పుడు వచ్చింది అదే.

ఇంకొక మాట. కోనసీమలో అతి పెద్ద విద్యా నిధి దేనిదో మీకు తెలుసా? దానికి ట్రస్టు లేదు, రిజిస్ట్రేషన్ లేదు, అధ్యక్షుడు లేడు. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, మామిడికుదురు వైపు నించి ఖద్దామా వీసాల మీద కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్లి ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్ల జీతాలే ఆ నిధి. ఆ డబ్బుతో కొడుకు పాలిటెక్నిక్ చదువుతాడు, చెల్లెలి కూతురు నర్సింగులో చేరుతుంది, అన్న కొడుకు ఇంటరు ఫీజు కడతాడు. అక్కడ యజమానురాలు పాస్‌పోర్టు తీసి దాచుకున్నా, రెండేళ్లకోసారి కూడా సెలవు ఇవ్వకపోయినా, జూన్ వచ్చేసరికి డబ్బు మాత్రం వస్తుంది. ‘నెలకి ఎంత, ఎప్పటిలోగా’ అని మాత్రమే వాళ్లు ఫోన్లో అడుగుతారు. ‘ఎన్ని మార్కులొచ్చాయి’ అని కూడా అడుగుతారు గానీ, డబ్బు పంపాక అడుగుతారు. స్కాలర్‌షిప్పు ఎలా ఇవ్వాలో నేర్చుకోవాలంటే మన కమిటీలు విజయవాడలో వర్క్‌షాపు పెట్టుకోనక్కర్లేదు. మలికిపురంలో బస్సు దిగి, ఏ ఇంట్లోనైనా ఆ పిల్లల్ని చూసుకుంటున్న అమ్మమ్మ దగ్గర కాసేపు కూర్చుంటే చాలు.

కాబట్టి స్మారక సమితులకి నా చివరి సలహా, ఇది మాత్రం వెటకారం లేకుండా. వర్ధంతి ఏ తిథికి వస్తే ఆ తిథికే చేసుకోండి, పటానికి దండ వెయ్యండి, నలుగురికి భోజనం పెట్టండి. స్కాలర్‌షిప్పుని మాత్రం ఆ తిథి నించి విడదీయండి. మే నెలలో ఊళ్లో బడి మాస్టార్నీ, అంగన్‌వాడీ టీచర్నీ, ఏఎన్‌ఎంనీ అడిగితే ఏ ఇంట్లో ఏ పిల్ల చదువు ఆగిపోయేలా ఉందో చెబుతారు. పదిమందికి పదహార్లు పంచే బదులు ఇద్దరికి పూర్తిగా కట్టండి, చదువు అయ్యేదాకా కట్టండి. డబ్బు కాలేజీ ఖాతాకో, తల్లి ఖాతాకో వెళ్లనివ్వండి. పిల్లని స్టేజీ ఎక్కించకండి. అయినా సరే, నలుగురికీ తెలియాలి, ఫ్లెక్సీ లేకపోతే నిద్ర పట్టదు అంటారా? నిక్షేపంలా వేయించుకోండి. ఆ ఫీజు రసీదునే పెద్దది చేయించి, అమలాపురం గడియారస్తంభం దగ్గర కట్టించండి. రసీదు మీద పిల్ల పేరున్న చోట నల్ల ఇంకు పుయ్యండి. మీ నాన్నగారి పేరు ఎంత పెద్ద అక్షరాల్లో వేయించుకుంటారో మీ ఇష్టం, మేము కొలవం. మేము చూసేది కింద, కుడి వైపు మూలన, క్యాషియరు వేసిన తేదీ ముద్ర ఒక్కటే.